ఆంధ్రనాయకుడితో వాదించిన కవి

చాటుపద్యాలను ఏరి మణిమంజరిగా కూర్చిన పెదకళ్లేపల్లి పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) స్మృతికి ఘంటసాలలో ఉపన్యాసం సమర్పించడం గౌరవమే. ఆయన కృషిని దివిసీమవారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ ఉపన్యాసం పదిహేడో శతాబ్ది ఆంగ్ల ‘మెటాఫిజికల్’ కవుల పక్కన ఆంధ్రనాయక శతకాన్ని ఉంచి చదువుతుంది. ‘మెటాఫిజికల్’ అన్న పేరు ఆ కవులు పెట్టుకున్నది కాదు. జాన్ డన్ (1572–1631) ప్రణయకవితల్లోనూ తత్త్వచర్చ దూరుస్తాడని 1693లో కవి డ్రైడెన్ ఆక్షేపించగా, 1779లో విమర్శకుడు జాన్సన్ ఆ మాటను ఒక కవివర్గానికంతటికీ తగిలించి, పొంతనలేని భావాలను బలవంతాన ముడిపెట్టారని తప్పుపట్టాడు. 1921లో గ్రియర్సన్ కూర్చిన ఆ కవుల సంకలనమూ దానిపై కవి ఎలియట్ వ్యాసమూ వారికి మళ్లీ మన్నన తెచ్చాయి. ‘కన్‌సీట్’, అంటే దూరపు వస్తువులను తర్కంతో కలిపే కల్పన, వారి ప్రధాన లక్షణమని పాఠ్యగ్రంథాలన్నీ చెబుతాయి.

వివాదమంతా ఇక్కడే ఉంది. ఈ కవిత్వానికి ప్రాణం పోలిక కాదు, ఎదుటివారిని నిలదీసే వాదం. డన్ భక్తికవితల వెనుక దృశ్యభావన, విచారణ, దైవంతో సంభాషణ అనే మూడంచెల ధ్యానపద్ధతి ఉందని విమర్శకుడు లూయీ మార్ట్జ్ 1954లో నిరూపించాడు. దేవుడితో వాదులాడడం అక్కడ సాధనలో భాగమే గాని అలంకారం కాదు.

ఇదే దృష్టి ఘంటసాల మండలంలోని శ్రీకాకుళ ఆంధ్రమహావిష్ణువుపై కాసుల పురుషోత్తమకవి చెప్పిన ఆంధ్రనాయక శతకానికి అందలేదు. నిందలా కనిపిస్తూ స్తుతిగా తేలే వ్యాజస్తుతి అని పేరుపెట్టి విమర్శకులు చేతులు దులుపుకొన్నారు. ఒక్క సీసాన్ని దగ్గరగా చూస్తే ఈ తీర్పు నిలవదు. భూభారం వహించేది ఇల్లాలైన భూదేవి, కోరికలు తీర్చేది లక్ష్మి, సృష్టి చేసేది కొడుకైన బ్రహ్మ, పాపాలు కడిగేది కూతురైన గంగ అని నాలుగు పాదాల్లో నాలుగు సాక్ష్యాలు పెట్టి, పేరంతా ఆలుబిడ్డలు తెచ్చిందే గాని స్వామి మొదటినుంచీ దామోదరుడేనని, అంటే పొట్టకు తాడు చుట్టినవాడేనని, కవి గీతపద్యంలో తీర్పు చెబుతాడు. సీసం హేతువు, గీతం నిగమనం, అంటే సాక్ష్యాల నుంచి తేలిన నిర్ణయం. జాన్సన్ డన్‌కు చేసిన అన్యాయమే తెలుగు విమర్శ పురుషోత్తమకవికి చేసింది.

డన్ జీవించి ఉండగానే, 1611లో, ఆంగ్ల వర్తకులు మచిలీపట్నంలో దిగారన్న ఆధారంతో ఈ శతకంలో ఆంగ్ల ప్రభావాలు వెతకడం వృథా. దేవరకోట సంస్థాన కవి అయిన పురుషోత్తమకవికి నిందాస్తుతి సంప్రదాయం ఇంట్లోనే ఉంది. ఆలోచననూ అనుభూతినీ ఒక్కటి చేసే శక్తి పదిహేడో శతాబ్దిలోనే చెదిరిపోయిందన్న ఎలియట్ సిద్ధాంతం ఆంగ్లానికి చెల్లితే చెల్లవచ్చు గాని, దాన్ని కవిత్వమంతటికీ చరిత్రగా తెలుగు తరగతుల్లో బోధించడం సరికాదు. ఆ తర్వాత పుట్టిన శతకమే దానికి సమాధానం.

ఉపన్యాసకర్త ప్రస్తుతం సిద్ధపరుస్తున్న శతకవ్యాఖ్య ఈ క్రమంలోనే నడుస్తుంది: ప్రతి సీసానికీ ముందు ఆరోపణ, తర్వాత సాక్ష్యాలు, ఆపైన తీర్పు, చిట్టచివర అలంకారం పేరు. ఇదే కవి హంసలదీవి వేణుగోపాలుడిపై చెప్పిన శతకాన్ని కూడా అందులో పక్కన పెట్టి చదవడం జరుగుతోంది; ఈ వాదశిల్పం ఒక్క శ్రీకాకుళ స్వామి ఎదుటనే పుట్టిందా, లేక కవి స్వభావమే అదా అన్నది ఆ పఠనంలో తేలవలసి ఉంది.