రాకెట్టులోని గణకయంత్రము



అమెరికా దేశమున నెవాడా రాష్ట్రములో బ్లాక్ రాక్ అను ఎడారి గలదు. ప్రాచీనకాలపు సరస్సు ఎండిపోగా మిగిలిన ఆ సమతలభూమిపై చెట్టుగాని చేనుగాని కానరాదు. రాకెట్టులను వినోదార్థము నిర్మించుకొను పౌరులు అచ్చట చేరి వానిని ఎగురవేయుచుందురు. మన శ్రీహరికోటనుండి ఎగయు వాహనములలో పెక్కు ప్రభుత్వమువారివి. ఇవి తీరికవేళల సొంతసొమ్ముతో కట్టుకొనునవి. అయినను వీనిలో కొన్ని మనిషి నిలువును మించియుండును, కొన్ని ధ్వనివేగమునుగూడ దాటును.

ఇట్టిదానిని పైకి పంపుటకంటె క్షేమముగా దింపుటయే కష్టము. శిఖరము చేరిన క్షణమున దాని వేగము మిక్కిలి తగ్గును. పారాచ్యూటు అప్పుడే విచ్చుకొనవలెను. ముందే విచ్చుకొన్నచో గాలితాకిడికి గుడ్డ చినిగిపోవును. విచ్చుకొననే లేదా, రాకెట్టు బల్లెమువలె తలక్రిందుగా వచ్చి నేలలో దిగబడును. ఆ చోట మనుష్యుడున్నచో ప్రాణము దక్కదు.

ఆ క్షణమును కనిపెట్టుటకే లోపల అరచేతిలో నిముడు గణకయంత్రము నమర్చెదరు. దానిలో వాయుపీడనమును కొలుచు పరికరము, వేగపు మార్పును కొలుచు పరికరము, లెక్కలు కట్టు భాగము, వానిని దాచు జ్ఞాపకభాగము, బ్యాటరీ యుండును. సముద్రమట్టమున వాయుపీడనము సుమారు 1013 మిల్లీబారులు. అచ్చటినుండి రమారమి 8 మీటర్లు ఎక్కినకొలది ఒక్కొక్క మిల్లీబారు తగ్గును. రాకెట్టు గోడకు చిన్నరంధ్రములు పెట్టి, బయటి పీడనము లోపలికి సోకునట్లు చేయుదురు. యంత్రము దానిని సెకనుకు అనేకమార్లు చదువుచుండును. తగ్గుచున్న పీడనము నిలిచి మరల పెరుగనారంభించినచో శిఖరము దాటినదని గ్రహించి, విద్యుత్తుచే కొంచెము తుపాకిమందును ముట్టించును. గొట్టము విడి, చిన్నపారాచ్యూటు వెలువడును. నేలకు రెండు మూడువందల మీటర్ల ఎత్తున పెద్దపారాచ్యూటు విప్పబడును. పెద్దది మొదటనే విప్పినచో గాలి రాకెట్టును క్రోసులకొలది దూరము కొనిపోవును.

అయితే పీడనమాపకపు మాట అన్నివేళల నమ్మదగినది కాదు. రాకెట్టు ధ్వనివేగమును, అనగా సెకనుకు సుమారు 340 మీటర్లను, సమీపించినప్పుడు దాని దేహముపై ఆఘాతతరంగములు పుట్టును. అవి రంధ్రములపై సాగునప్పుడు లోపలి పీడనము హఠాత్తుగా మారి, రాకెట్టు దిగుచున్నదను భ్రాంతి కలుగును. యంత్రము దానిని నమ్మినచో మహావేగమున పారాచ్యూటు విచ్చుకొని సర్వము ఛిన్నాభిన్నమగును. కావున వేగము తగ్గువరకు పీడనపు మాటను లెక్కింపరాదని నిర్మాతలు ముందుగానే విధించెదరు. రెండవ పరికరపు సాక్ష్యమునుగూడ విచారింపజేసెదరు.

నేలపైగూడ జాగ్రత్త వలయును. తుపాకిమందు చేతులకు దగ్గరనే యుండును గనుక, రాకెట్టును ప్రయోగస్తంభముపై నిలువుగా నిలిపినపిమ్మటనే యంత్రమునకు మీట వేయుదురు. అంతకుముందు ఇంటివద్ద దానిని సీసాలో నుంచి, గాలిని మెల్లగా పీల్చివేసి, ఎత్తునకు ఎక్కినట్లు భ్రమ కల్పించి పరీక్షింతురు. మందునకు బదులు చిన్నదీపము తగిల్చినచో అది వెలిగిన క్షణమును కన్నులార చూడవచ్చును.

1957లో స్థాపింపబడిన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ అను సంఘము, మిక్కిలి బలముగల మూడవశ్రేణి మోటారుల కర్హత కోరువారికి ఒక నియమము విధించినది: పారాచ్యూటును విడిపించు ఏర్పాట్లు రెండు, ఒకదానితో నొకటి సంబంధము లేనివి, ఉండవలెను. రెండింటికి బ్యాటరీ ఒక్కటే యైనచో, అది చెడిననాడు రెండును మూగవోవును గదా! కీత్ పాకార్డు, బిడేల్ గార్బీ అను నిర్మాతలు తమ యంత్రముల నమూనాలను, లెక్కల క్రమమును ఎల్లరు పరిశీలించుటకు బహిరంగపరచిరి. పదిమంది చూచినచో దోషము దాగదు.

పంచాయతీలో తీర్పు చెప్పు మీకు ఇది క్రొత్తకాదు. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరు. ఇద్దరు వచ్చినను వారు ఒకే యింట మాటలు కూడబలుకుకొని రాలేదని విచారింతురు. ఆకాశమున విచారణకు వ్యవధి లేదు గనుక, ఆ విచారణనంతయు నిర్మాత నేలమీదనే ముగించి పంపవలసియున్నది.