తూముకే గండి
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. జంపనిలో మా ఇంట జరిగింది చెప్పమని కార్యదర్శి గారు అడిగారు కాబట్టి నిలబడ్డాను.

మా తమ్ముడి కోడలికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. రెండు వారాలు ఆగలేదు, తిన్నది నిలిచేది కాదు. గ్యాస్ అనుకున్నాం. మాత్రలు తెచ్చి ఇచ్చింది నేనే. వాటంతటవే తగ్గాయి, మరిచిపోయాం. మూడు నెలలకు ఎడమ కన్ను నొప్పి, మసక. ఎర్రచీర వెలిసిపోయినట్టుందన్నది. తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కి నడవలేకపోయింది. ఒకచోట మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నారు. హైదరాబాదులో ఇంకో డాక్టరు గారు, మందు మొదలుపెట్టకముందే రక్తపరీక్ష చేయించారు. అక్వాపోరిన్-4 యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. జబ్బు పేరు న్యూరోమైలైటిస్ ఆప్టికా. ఎక్కువగా ఆడవారికే వస్తుందట.

అక్వాపోరిన్ అంటే మన లెక్కలో తూము. కణం పొరలో ఉండే ప్రోటీను, దాని గుండా నీరు లోపలికీ బయటికీ పోతుంది. వీటిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ నాలుగో రకం తూములు మెదడు, వెన్నుపాము, కంటినరాలలో నరాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ కణాల మీద ఉంటాయి. కాపలా లస్కరే తూము పగలగొట్టినట్టు, ఒంటిని కాపాడవలసిన యాంటీబాడీలే వాటికి అతుక్కుని ఆ కణాలను చంపిస్తాయి. ఆ వాపులో నరాల మీది తొడుగూ పోతుంది. మెదడు అడుగున వాంతిని నడిపే చోట కూడా ఈ తూములున్నాయి. ఆ ఎక్కిళ్ళు అక్కడివి, కడుపులోవి కావు!

ఫ్రాన్సులో దెవిక్ 1894లోనే ఈ జబ్బును వర్ణించాడు. అయినా 2004లో అమెరికాలో మేయో క్లినిక్ వారు ఈ యాంటీబాడీని పట్టుకునేదాకా, చాలామంది దీన్ని ఎం.ఎస్.లో ఒక రకమనే అనుకున్నారు. పేరు ఏదైతేనేం అనకండి. ఎం.ఎస్.కు ఇచ్చే బీటా ఇంటర్‌ఫెరాన్ వంటి మందులు దీన్ని ముదరబెట్టవచ్చు.

అమ్మాయికి ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. చాలక ప్లాస్మా మార్చారు. నడక వచ్చింది. తర్వాత అజాథయోప్రిన్ మాత్రలు రాశారు. "తగ్గింది కదా, ఇంకా ఎందుకన్నయ్యా" అని మా తమ్ముడే అన్నాడు. జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ కొంత చూపో, కాలి సత్తువో పోతుంది, పోయింది తిరిగి రాకపోవచ్చు. ఆ మాట డాక్టరు గారి చేత చెప్పించాకే ఊరుకున్నాడు.

ఎడమ కంటి చూపు ఇంకా పూర్తిగా రాలేదు. కుట్టుమిషను సూదిలోకి దారం కుడికంటితోనే ఎక్కిస్తున్నది. మాత్రలు మానలేదు.