ఒకే ఫలకము – పలు వర్ణములు

గోడకు వ్రేలాడు చిత్రమును చూచి, “అచ్చువేసినదా? అయినచో నకలే” అని తేలికగా చూచుట మనకు అలవాటు. కేలండరు బొమ్మకు ఆ మాట చెల్లును. దాని మూలచిత్రము వేరొకచోట నున్నది. దానికి ఛాయాచిత్రము తీసి, యంత్రముపై వేల ప్రతులు వేసినారు. కాని చిత్రకారుడు స్వయముగా చెక్కిన ఫలకమునుండి దిగిన చిత్రమునకు వేరే మూలము లేదు. కాగితముపై పడినదే మూలము.

బందరు అద్దకపు అచ్చులను శ్రోతలు చూచియే యుందురు. ఉబ్బెత్తుగా మిగిలిన భాగమునకే రంగు అంటును. రాగిరేకు పద్ధతి దీనికి తలక్రిందులు. రేకుపై మైనపుపూత పూసి, సూదితో గీచి, ఆమ్లములో ముంచుదురు. మైనము తొలగినచోటనే ఆమ్లము లోహమును తినును. ఆ పల్లములలో సిరా కూరి, పైభాగము తుడిచి, తడి కాగితము కప్పి రోలర్ల నడుమ నొక్కగా, కాగితము పల్లములోనికి దిగి సిరాను పైకి తెచ్చును. రాతి అచ్చులో ఎత్తుపల్లములే లేవు. నూనెకు నీటికి గల వైరమే అక్కడి కీలకము.

రంగుల చిక్కు మాత్రము చిరకాలము మిగిలినది. సాధారణముగా రంగునకొక ఫలకము చేసి, వెంట్రుకవాసి తప్పకుండ ఒకదానిపై నొకటి అచ్చువేయవలసి యుండెను. దీనిని విప్పినవారిలో ముఖ్యులు, 1925లో చిత్తూరు జిల్లా నందనూరున జన్మించిన కృష్ణారెడ్డిగారు. శాంతినికేతనమున నందలాల్ బోసు వద్ద నేర్చి, పిమ్మట పారిస్‌లో హేటరు నడపిన ‘అటెలియే 17’ ముద్రణశాలలో చేరిరి. అక్కడ హేటరు, కైకో మోతీలతో కలిసి ‘విస్కాసిటీ’ పద్ధతిని రూపొందించిరి. వారు శిల్పులు కూడ. కనుకనే రేకును శిల్పమువలె పలు లోతులుగా మలచిరి.

ఇందలి కిటుకు సిరా చిక్కదనములో నున్నది. పల్లములలో ఒక రంగు ముందే కూరబడి యుండును. అవిసెనూనె ఎక్కువ కలిపిన పలుచని రంగును గట్టి రోలరుతో దొర్లించిన, అది మెరకలకే అంటును. తరువాత నూనె తక్కువైన చిక్కని రంగును మెత్తని రోలరుతో దొర్లింతురు. ఆ రోలరు లోతులలోనికి దిగును; కాని ముందే నూనెరంగు పట్టిన మెరకలపై కొత్తరంగు నిలువదు. నూనె రాచిన ఆకునకు బొబ్బట్టు అంటుకొనదు కదా! ఇట్లు పలు రంగులు ఒకేసారి కాగితమున కెక్కును. 1963 నాటి ‘సుడిగుండము’ ఈ విద్యకు పేరొందిన ఫలము. 2018లో న్యూయార్కున గతించిన ఈ తెలుగు కళాకారుని, ఆ నగరములు ఎరిగినంత మనము ఎరుగమనియే నా అభిప్రాయము.

ప్రతి అచ్చునకు రేకుపై రంగులన్నియు మరల పూయవలెను. కనుక ఏ రెండును అచ్చముగా ఒకటి కావు. చిత్రము క్రింద పెన్సిలుతో 7/50 అని యున్నచో, ఏబది ప్రతులలో అది ఏడవది. కొనబోవువారు భూతద్దముతో చూడుడు: రంగు సన్నని చుక్కల వరుసలుగా విడిపోయినచో అది యంత్రపు నకలు. రాగిరేకు అచ్చయినచో, బొమ్మచుట్టు ఫలకపు అంచు నొక్కిన గాడి సాధారణముగా వ్రేలికి తగులును.