పాస్‌వర్డు మరచిన ల్యాప్‌టాప్

మీట నొక్కినంతనే ల్యాప్‌టాప్ పాస్‌వర్డు నడుగును. అది యెంత తలచుకొన్నను జ్ఞప్తికి రాదు. అప్పుడు మనము మొదట గమనింపవలసినది, అడుగుచున్నది ఏ తలుపో. విండోస్ మేల్కొని మన పేరు చూపి యడిగినచో అది లోపలి తలుపు. దానికి ఉపాయములు గలవు. విండోస్ కంటె ముందుగనే అడిగినచో అది బయోస్, అనగా సింహద్వారము.

లోపలి బిళ్ల బ్యాటరీని తీసి మరల పెట్టుడని పలువురు చెప్పుదురు. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో అమరికలు బ్యాటరీ బలముననే నిలిచెడివి గనుక నాడది ఫలించెడిది. ల్యాప్‌టాపులలో పెక్కింట పాస్‌వర్డు విద్యుత్తు లేకున్నను చెరగని చిప్పులో నుండును. సూపర్‌వైజర్ పాస్‌వర్డు మరచినచో మదర్‌బోర్డు మార్పింపవలసినదేయని పెక్కు థింక్‌ప్యాడ్ల పుస్తకములే చెప్పుచున్నవి. కఠినమే! కాని యజమానికి సులువుగ లొంగు తాళము దొంగకును లొంగును గదా. కొన్ని కంపెనీలు కొనుగోలు రసీదు చూచి విడుదల పాస్‌వర్డు నొసగును. ముందు అచ్చట విచారింపవలెను.

బోర్డు మార్పునకు తలయూపుటకు ముందు మనము అందలి వ్రాతలను గూర్చి యడుగవలెను. యంత్రమును మరల కొనవచ్చును. పిల్లల ఛాయాచిత్రములను కొనజాలము. డిస్కు విడిగా నుండి, దానికి వేరు తాళము లేనిచో, ఊడదీసి మరియొక కంప్యూటరునకు తగిలించి చదువవచ్చును. పలుచని నమూనాలు కొన్నింట అది బోర్డునకే అతుకబడి యుండును. బోర్డుతోపాటు అదియు పోవును. బిట్‌లాకర్ రక్షణ యున్నచో 48 అంకెల రికవరీ కీ లేక అక్షరమైనను వెలికిరాదు. క్రొత్త బోర్డు పెట్టిన పిమ్మటను దానినే యడుగును. ఆ కీ తరచుగ మైక్రోసాఫ్ట్ ఖాతాలో నుండును. ఫోనునుండి ఆ ఖాతా తెరచి, 48 అంకెలును కాగితముపై వ్రాసికొని, అటుపిమ్మట యంత్రమును మరమ్మతునకు పంపుదము.