ఇరుకు గదిలో పాత వైడ్ యాంగిల్ లెన్సు



మా నాన్నగారు బరంపురంలో చాలాకాలం ఫోటో స్టూడియో నడిపారు. ఆయన తరవాత దాన్ని నేను చూసుకుంటున్నాను. ఆమధ్య వర్షాలు పడకముందు బీరువా సర్దుతుంటే ఒక తోలు డబ్బాలో ఆయన వాడిన లెన్సు బయటపడింది. పెంటాకాన్ 29 మిల్లీమీటర్ల లెన్సు. తూర్పు జర్మనీలో తయారైంది. ప్రాక్టికా కెమెరాకి మరలాగా తిప్పి బిగించేది. మా మేనల్లుడు దాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూసి, "మావయ్యా, ఇది ఇప్పుడు దేనికి పనికొస్తుంది? పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామా?" అన్నాడు.

వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. రాయగడలోనో, బళ్ళారిలోనో, హోసూరులోనో, యానాంలోనో మీ ఇంట్లో కూడా ఇలాంటి లెన్సు ఉండవచ్చు. ఇలాంటి ప్రశ్నా వచ్చి ఉండవచ్చు. ఆ లెన్సు పనికొస్తుందా, వస్తే దాన్ని ఎలా వాడాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్న విషయాలు ఈరోజు మీతో చెప్పుకుంటాను. అందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. దాన్ని దాచకుండా చెబుతాను.

ముందు వైడ్ యాంగిల్ అంటే ఏమిటో చూద్దాం. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఒక బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. కెమెరాతోపాటు వచ్చే 50 మిల్లీమీటర్ల లెన్సు మూల నుంచి మూలకి సుమారు 47 డిగ్రీలు చూస్తుంది. నేను చెబుతున్న 29 లెన్సు సుమారు 73 డిగ్రీలు చూస్తుంది. లెక్క ఇలా చెబితే ఇంకా తేలిక. గోడకి ఎదురుగా 6 అడుగుల దూరంలో నిలబడండి. 50 లెన్సులో గోడ 4 అడుగుల పైచిలుకు వెడల్పు కనిపిస్తుంది. 29 లెన్సులో దాదాపు ఏడున్నర అడుగులు కనిపిస్తుంది.

ఈ తేడా మా ఊళ్లో ఎందుకు ముఖ్యమంటే, మా పాత వీధుల్లో ఇళ్ళు ఒకదాని గోడను ఒకటి ఆనుకుని వరసగా ఉంటాయి. పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. నేతపనివాళ్ళ ఇళ్ళలో ఆ ఇరుకు గదిలోనే గుంట మగ్గం ఉంటుంది. నేసేవాడు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. ఆ మనిషి, ముందున్న పడుగు, పక్కనున్న గోడ అన్నీ ఒక్క బొమ్మలో రావాలంటే వెనక్కి జరగాలి. వెనక గోడ ఉంది. ఇంకెక్కడికి జరుగుతాం? అలాంటిచోట వైడ్ యాంగిల్ తప్ప వేరే దారి లేదు. నాన్నగారు ఆ లెన్సు కొన్నది అందుకే.

ఇక అది నేటి కెమెరాకి ఎలా పనికొస్తుందన్న సంగతి. అద్దం ఉన్న రిఫ్లెక్స్ కెమెరాలో లెన్సుకీ ఫిల్ముకీ మధ్య అద్దం పైకి లేవడానికి చోటు కావాలి. వైడ్ యాంగిల్ లెన్సు సహజంగా ఫిల్ముకి దగ్గరగా కూర్చోవాలని చూస్తుంది. ఈ చిక్కు విడదీసినవారిలో ఫ్రాన్సు దేశస్థుడు పియెర్ ఆంజెన్యూ ముఖ్యుడు. ఆయన 1950లో తెచ్చిన 35 మిల్లీమీటర్ల లెన్సుకి రెట్రోఫోకస్ అని పేరు పెట్టారు. ముందువైపు కాంతిని విడదీసే పెద్ద గాజును పెట్టి, లెన్సు మొత్తాన్ని ఫిల్ముకి దూరంగా నిలబెట్టడం అందులోని కిటుకు. తరవాత వచ్చిన రిఫ్లెక్స్ కెమెరాల వైడ్ లెన్సులన్నీ దాదాపు ఆ దారే పట్టాయి. మా పెంటాకాన్ కూడా ఆ జాతిదే.

ఆనాడు అద్దం కోసం వదిలిన ఆ చోటే ఈనాడు మనకి కలిసొచ్చింది. మర లెన్సుల్లో లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ము వరకు దూరం 45.46 మిల్లీమీటర్లు. ఇప్పటి అద్దంలేని కెమెరాల్లో, అంటే మిర్రర్‌లెస్ కెమెరాల్లో, ఆ దూరం చాలా తక్కువ. సోనీ ఇ మౌంటులో 18, నికాన్ జెడ్‌లో 16, కానన్ ఆర్ఎఫ్‌లో 20 మిల్లీమీటర్లు. మిగిలిన దూరాన్ని ఒక లోహపు రింగుతో నింపితే చాలు. దాన్నే అడాప్టర్ అంటారు. దాంట్లో గాజు ఉండదు, మోటారు ఉండదు. ఉత్త గొట్టం.

అద్దం ఉన్న డిజిటల్ కెమెరాలకి ఇంత తేలిక కాదు. నికాన్ ఎఫ్ మౌంటులో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు. మర లెన్సుకి కావలసినదానికంటే అదే ఎక్కువ. అందుచేత ఉత్త రింగు వేస్తే దూరపు వస్తువుల మీద ఫోకస్ కుదరదు. కానన్ ఇఎఫ్‌లో 44 కాబట్టి కుదురుతుంది. అయితే పూర్తి సైజు సెన్సర్ ఉన్న కెమెరాల్లో కొన్ని లెన్సుల వెనక అంచు అద్దానికి తగలవచ్చు. ముందు ఫోకస్ రింగును నెమ్మదిగా రెండువైపులా తిప్పి, ఏదీ తగలడం లేదని తేల్చుకున్నాకే వాడండి. నికాన్ వారి 1977కి ముందటి లెన్సులు నేటి అద్దం కెమెరాలకి బిగిస్తే, మౌంటు పక్కనున్న చిన్న మీట విరిగే ప్రమాదం చాలా మోడళ్ళలో ఉంది. బలవంతంగా బిగించకండి.

ఇంకో సంగతి. మీ కెమెరాలో సెన్సర్ చిన్నదైతే ఈ లెన్సు వైడ్ యాంగిల్‌గా మిగలదు. ఏపీఎస్-సి అనే సెన్సర్ మీద చూపు ఒకటిన్నర రెట్లు ఇరుకవుతుంది. 29 లెన్సు దాదాపు 44 లెన్సులా చూస్తుంది. అంటే మామూలు లెన్సే. ఇరుకు గది కోసమే అయితే 24 గాని 20 గాని వెతకాలి, లేదా పూర్తి సైజు సెన్సర్ ఉండాలి.

ఇప్పుడు వాడే పద్ధతి. అడాప్టర్ వేసినప్పుడు లెన్సుకీ కెమెరాకీ మాటామంతీ ఉండదు. కెమెరా మెనూలో లెన్సు లేకపోయినా షట్టర్ పనిచేసే ఏర్పాటు ఉంటుంది, దాన్ని అనుమతించండి. చేతి వణుకును సర్దే సదుపాయం కెమెరాలో ఉంటే లెన్సు అంకె మీరే చేత్తో వేయాలి. లెన్సు పక్కన 'ఏ', 'ఎమ్' అని చిన్న మీట ఉంటే 'ఎమ్' వైపు పెట్టండి. లేకపోతే రింగు ఎంత తిప్పినా అపర్చర్ మూసుకోకపోవచ్చు. ఫోకస్ కుదిరిన అంచులను రంగుతో చూపించే పీకింగ్ అనే సదుపాయం ఉంది. కాని వైడ్ లెన్సుల్లో అది ఆశ పెడుతుంది, అన్నీ కుదిరినట్టే చూపిస్తుంది. బొమ్మను తెరమీద పెద్దది చేసి, కంటిపాప దగ్గర చూసుకుని ఫోకస్ చెయ్యండి.

వీటన్నిటికంటే మంచి పద్ధతి లెన్సు మీదనే చెక్కి ఉంది. అదే దూరాల కొలబద్ద. 29 లెన్సును ఎఫ్ 11లో పెట్టి, ఫోకస్‌ను రెండున్నర మీటర్లు దాటి కొద్దిగా ముందుకు జరిపితే, సుమారు 1.3 మీటర్ల నుంచి కనుచూపు మేర వరకు స్పష్టంగా వస్తుంది. ఇది ఫిల్ము రోజుల లెక్క. డిజిటల్ బొమ్మను పెద్దది చేసి చూస్తాం కాబట్టి అంత ఉదారంగా నమ్మకూడదు. ఎఫ్ 11లో తీస్తూ, కొలబద్ద మీద ఎఫ్ 8 గీతలను ప్రమాణంగా తీసుకోండి. జాతరలో, ఊరేగింపులో ఒకసారి ఇలా పెట్టుకుంటే మళ్ళీ ఫోకస్ ముట్టుకోనక్కరలేదు. ఆ కాలపు చాలా వైడ్ లెన్సులు ఎఫ్ 2.8 దగ్గర మూలల్లో మెత్తగా ఉంటాయి. ఎఫ్ 8కి వచ్చేసరికి చక్కబడతాయి. ఎదురెండకి పొగమంచులా తెల్లబడతాయి. ఒక హుడ్ తగిలించండి. లేకపోతే అరచెయ్యి అడ్డం పెట్టండి, చెయ్యి మాత్రం బొమ్మలో పడకూడదు.

ఫిల్ము వాడేవారికి కూడా ఒక మాట. కోడక్, ఇల్ఫర్డ్ పేర్లతో ఫిల్ము ఇప్పటికీ తయారవుతోంది. పాత కెమెరా షట్టర్ బాగుండి మీటరు చచ్చిపోతే దిగులు పడకండి. నిండు ఎండలో 400 స్పీడు ఫిల్ముకి ఎఫ్ 16, సెకనులో 500వ వంతు. అక్కడినుంచి వెలుగు తగ్గేకొద్దీ అపర్చర్ తెరుచుకుంటూ పొండి. ఒకే గుమ్మంలోంచి వెలుగు వచ్చే మగ్గం గదిలో ఎఫ్ 2.8కి దిగాల్సి వస్తుంది. వైడ్ లెన్సుతో సెకనులో 30వ వంతు వరకు చేత్తో పట్టుకోవచ్చు. అంతకు తగ్గితే స్టాండు వేయండి.

ఇక నా పొరపాటు. చాలా ఏళ్ళ క్రితం మా వీధిలో ఒక మావయ్య మగ్గం నేసేవారు. వరసకి మావయ్యే. పిల్లలు సూరత్‌లో ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. ఇక మగ్గం తీసేద్దాం అనుకుంటున్నానని చెప్పి, ఒక్క ఫోటో తియ్యమన్నారు. నేను ఈ లెన్సునే ప్రాక్టికాకి బిగించుకుని వెళ్ళాను. మగ్గం మొత్తం రావాలన్న ఆత్రంలో మావయ్యను మధ్యలో పెట్టి, అత్తయ్యను బొమ్మ చివర గోడ పక్కన నిలబెట్టాను. వైడ్ యాంగిల్ లెన్సు అంచున ఉన్న మనిషిని పక్కకి సాగదీస్తుంది. ఈ లెన్సులో అంచున పడ్డ తల అసలుకన్నా ఆరోవంతుకు పైగా వెడల్పుగా వస్తుంది. ఇది లెన్సు లోపం కాదు. గుండ్రని తలను చదునైన ఫిల్ము మీద అంత వారగా పరిచినప్పుడు అలాగే పడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ పూట ఆలోచించలేదు.

ప్రింటు పట్టుకెళ్ళి ఇచ్చాను. అత్తయ్య చూసి నవ్వుతూనే, "ఏటి బాబూ, నా మొహం గుమ్మిడికాయలా వచ్చిందేటి?" అన్నారు. మళ్ళీ తీస్తానన్నాను. పెళ్ళిళ్ళ రోజులు, తీరిక చిక్కలేదు. నేను వెళ్ళేసరికి మగ్గం విప్పేశారు, గుంట పూడ్చి సిమెంటు చేసేశారు. మావయ్య పోయాక అత్తయ్య ఆ ప్రింటు తీసుకుని స్టూడియోకి వచ్చారు. "నన్ను తీసేసి ఆయన్ను ఒక్కరినీ ఉంచి వేసియ్యి" అన్నారు. వేసిచ్చాను. ఆ ఇద్దరూ మగ్గం దగ్గర కలిసి ఉన్న ఫోటో అదొక్కటే. దాన్ని నేనే కత్తిరించాను.

నెగెటివ్ నా దగ్గర భద్రంగా ఉంది. ఈమధ్య స్కాన్ చేసి కంప్యూటర్‌లో సర్ది చూశాను. అత్తయ్య మొహం సరిచేస్తే మగ్గం కర్రలు వంగిపోతున్నాయి. కర్రలు నిలబెడితే మొహం సాగుతోంది. నిలబెట్టేటప్పుడు రెండడుగులు లోపలికి రమ్మని ఉంటే సరిపోయేది.

అందుకని నా మనవి ఇది. మనుషులను బొమ్మ మధ్య భాగంలో ఉంచండి. అంచులకు గోడలు, స్తంభాలు, సామాను వదలండి. కెమెరాను పైకీ కిందకీ వంచకుండా మట్టసంగా పట్టుకోండి. వంచితే గోడలు వాలిపోతాయి. గుంటలో కూర్చున్న మనిషిని తీయాలంటే మీరూ కిందకి దిగి కూర్చోండి.

చివరిగా లెన్సు జాగ్రత్త. మనవైపు వానాకాలం తేమకి లెన్సుల్లో బూజు పడుతుంది. టార్చి వేసి వెనకనుంచి చూస్తే సాలెగూడులా కనిపిస్తుంది. అలాంటిదాన్ని మిగతావాటితో కలిపి పెట్టకండి. తోలు డబ్బాల్లో దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచి, అది తేమ పీల్చుకోగానే ఆరబెట్టి మళ్ళీ వాడండి. అపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తుంటే అవి నెమ్మదిగా కదులుతాయి. ఏదైనా సరే ఇంట్లో విప్పవద్దు. వైడ్ లెన్సులో గాజులు చాలా ఉంటాయి. ఒక్కటి ఏమాత్రం పక్కకి కూర్చున్నా బొమ్మ ఒకవైపు మసకబారుతుంది. అనుభవం ఉన్నవారి చేతికే ఇవ్వండి.

మా మేనల్లుడు అడాప్టర్ తెప్పించుకున్నాడు. వాడి కెమెరాకి తాతగారి లెన్సు బిగించి ఇచ్చాను. మా వీధి చివర ఇంకా ఒక ఇంట్లో మగ్గం ఆడుతోంది. అక్కడికి వెళ్ళమని చెప్పాను. ఇద్దరినీ మధ్యలో కూర్చోబెట్టమన్నాను. తీసిన వెంటనే తెరమీద బొమ్మను ఆ ఇంటివాళ్ళకి చూపించి, వాళ్ళు బాగుందన్నాకే గుమ్మం దిగమన్నాను. ఫిల్ము రోజుల్లో మాకు లేని వసతి అది. మీరూ వాడుకోండి.