తీవ్రవాదం – కారణాలు, మనం చేయదగిన పని
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తీవ్రవాదం గురించి మాట్లాడమన్నారు. నేను పండితుణ్ణి కాను, రెవెన్యూ గుమాస్తాను. అందుచేత నేనెరిగిన శ్రీకాకుళం ఏజెన్సీ సంగతే చెబుతాను.

గిరిజనుల భూమి అనుమతి లేకుండా ఇతరుల పరం కారాదని 1917లోనే చట్టం వచ్చింది. 1959లో మరొకటి వచ్చింది. అయినా అప్పుల కింద పొలాలు షావుకార్లకు పోతూనే ఉన్నాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనుల్లో ఇద్దరు లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పుల్లో చనిపోయారు. ఆ తర్వాతే పోరాటం సాయుధమైంది. దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని భావించి, కాదని రుజువు చేసుకునే భారం అతనిపైనే పెట్టిన 1/70 రెగ్యులేషన్ 1970లో గాని రాలేదు. తుపాకులు పేలాక వచ్చిందన్నమాట.

వచ్చాక మాత్రం మేమేం చేశాం? నేను ఏజెన్సీలో పనిచేసే రోజుల్లో ఒక సవర ముసలాయన భూమి అర్జీ తెచ్చాడు. సర్వే నంబరు లేదని తిప్పి పంపాను. నంబరు తెచ్చాడు. అడంగల్ నకలు లేదన్నాను. మూడోసారి వచ్చి, "ఆ కాయితం మీ దగ్గరే ఉంటాది గదా బాబూ" అన్నాడు. నిజమే, నా వెనక బీరువాలోనే ఉంది. అయినా దరఖాస్తు పెట్టుకోమన్నాను. నాలుగోసారి రాలేదు. ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. లంచం ముట్టలేదు గనుక నిజాయితీపరుణ్ణేనని అనుకునేవాణ్ణి.

తుపాకీని నేను సమర్థించడం లేదు. రాత్రి అన్నం పెట్టమని ఒకరు, పగలు ఎందుకు పెట్టావని మరొకరు. ఇన్‌ఫార్మరు ముద్రతో చచ్చినవారిలోనూ, ఎన్‌కౌంటర్లలో పోయినవారిలోనూ పేద గిరిజనులే ఉన్నారు. బంద్ అంటే బస్సు లేదు, సంత లేదు, బడి లేదు.

1987లో గుర్తేడు వద్ద నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ గారొకరు. అదే శంకరన్ గారు రిటైరయ్యాక, 1997 నుంచి ఇరుపక్షాలనూ మాటలకు కూర్చోబెట్టాలని తిరిగారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి, నిలవలేదు. అప్పటికి ఆయన కూడా మనలాగే పెన్షనరే సుమండీ!

అంత పని మనవల్ల కాదు. అర్జీ రాయడం అవుతుంది. 2005 సమాచార హక్కు చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. ఏ కాగితం ఏ బీరువాలో ఉంటుందో మనకంటె ఎవరికి తెలుసు? సంతరోజున ఒక బల్ల వేసుకుని ఇద్దరం కూర్చుంటే చాలు. మొదటి వారం నేను వస్తాను. రెండో పేరు ఈ సభలోనే ఎవరైనా ఇవ్వాలి.