పై అంకెల్లో దొరికినవీ, దొరుకుతాయనుకున్నవీ

జీవితమంతా లెక్కలు చెప్పిన మాస్టారి పేరిట జరిగే సభ ఇది. పొగడ్తలకన్నా లెక్కలే ఆయనకు ఇష్టం గనుక నేరుగా విషయానికి వస్తాను.

ఏటా మార్చి 14 వచ్చేసరికి వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతుంది. పై (π) దశాంశాలకు అంతు లేదు కాబట్టి మీ పుట్టినరోజు, మీ ఫోన్ నంబరు, మీరింకా రాయని ఉత్తరం కూడా అంకెల రూపంలో అందులో ఎక్కడో ఉండే తీరుతుందట. వినడానికి ఇంపుగానే ఉంది. కానీ రుజువైన మాట కాదు. అంతు లేనంత మాత్రాన అన్నీ ఉండాలని ఎక్కడుంది? 0.101001000100001... ఇలా ఒక్కో సున్నా పెంచుకుంటూ పోండి. అదీ అంతులేనిదే, ఎక్కడా ఒకే వరసలో పడి తిరగదు కూడా. అయినా అందులో 2 కలికానికైనా దొరకదు.

అలాగని వెతకడం దండగ అనను. పుట్టిన తేదీని రోజు, నెల, సంవత్సరం కలిపి ఎనిమిది అంకెలుగా రాయండి. పై మొదటి 10 కోట్ల దశాంశాల్లో అది దొరికే అవకాశమెంత? ఎనిమిదంకెల వరసలు కూడా మొత్తం 10 కోట్లే గనుక దొరికి తీరుతుందని చాలామంది తొందరపడతారు. ఏ అంకె మీదా పక్షపాతం లేదనుకుంటే జవాబు సుమారు 63 శాతం. కొన్ని వరసలు రెండేసి, మూడేసిసార్లు వచ్చి మిగతావాటి చోటు తినేస్తాయి. ఈ హాల్లో వందమంది ఉంటే ముప్ఫై ఏడుగురి దాకా ఉత్తచేతులతో ఇంటికెళ్ళాల్సిందే.

ఇంకో చిక్కు. తన చిరునామా తానే చెప్పే సంఖ్య పైలో ఉందా? పాయింటు తరవాత మొదటి అంకె 1, ఉన్నదీ మొదటి స్థానంలోనే. అక్కణ్ణుంచి రెండంకెల్లో లేదు, మూడంకెల్లో లేదు, నాలుగంకెల్లోనూ లేదు. 16,470వ స్థానం నుంచి చదివితే మాత్రం వరసగా 1, 6, 4, 7, 0 వస్తాయి! 44,899 దగ్గర మళ్ళీ అదే వింత. మహిమేమీ లేదు లెండి. ఐదంకెల సంఖ్యలు 90,000, ఒక్కోదానికి లక్షలో ఒక వంతు అవకాశం, అంటే సగటున 0.9 దొరకాలి. రెండు దొరికాయి. నాలుగంకెలకూ అదే 0.9, అక్కడ సున్న. ఆరంకెలకు ఎంతో పిల్లలు ఇంటికెళ్ళి వేసి చూడండి.

ఈ సగటు లెక్కే ఒకప్పుడు విలియం షాంక్స్ పని మీద వేలు పెట్టి చూపింది. ఇంగ్లండులోని డర్హమ్ ప్రాంతంలో బడి నడిపిన షాంక్స్ యంత్రం సాయం లేకుండా చేత్తోనే పై విలువ కట్టాడు. 1853లో 607 స్థానాలు, 1873లో 707. ఆ 607లో ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో అగస్టస్ డి మోర్గన్ చూశాడు. ఒక్కోటీ 61 సార్ల దాకా రావాలి. 7 మాత్రం 44 సార్లే వచ్చింది. ఆయన ఆశ్చర్యపోయాడే గాని షాంక్స్ లెక్కను మళ్ళీ వేసి చూసినవారు లేరు. చివరికి 1940లలో డి. ఎఫ్. ఫెర్గూసన్ వేరే సూత్రం పట్టుకుని మొదటినుంచీ కట్టుకొచ్చాడు. 527 దాకా ఇద్దరిదీ ఒకే మాట, 528 దగ్గర తేడా. షాంక్స్ తప్పాడు. అక్కడ తప్పాక ఆ తరవాతి పనంతా, అంటే 180 స్థానాలు, నీళ్ళపాలు. పారిస్‌లోని ఒక సైన్సు మ్యూజియంలో ఒక గది గోడ మీద ఈ 707 అంకెలూ కొలువుతీరి ఉండేవి. 1949లో వాటిని దిద్దారు.

ఇంతకీ 7 అంత అరుదా? మొదటి 10 లక్షల దశాంశాల్లో అది 99,800 సార్లు వచ్చింది. అన్నిటికన్నా వెనకబడింది 6, దాని లెక్క 99,548.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైన కథ డచ్ గణితవేత్త బ్రౌవర్‌ది. ఏ మాటైనా నిజమో అబద్ధమో ఏదో ఒకటి అయ్యే తీరాలన్న నియమం అనంతం దగ్గర చెల్లదని ఆయన వాదన. ఉదాహరణకు ఇదే అడిగాడు: పై దశాంశాల్లో 0123456789 అనే వరస ఉందా? ఉందని చూపలేరు, లేదని నిరూపించలేరు, మరి ఏ ధైర్యంతో రెంటిలో ఒకటి అంటారు? 1966లో ఆయన పోయేనాటికి కూడా జవాబు లేదు. 1997లో టోక్యోలో కనడ యసుమస బృందం 5,000 కోట్లకు పైగా అంకెలు కట్టినప్పుడు ఆ వరస దొరికింది, 1,738 కోట్ల 75 లక్షల 94 వేల 880వ స్థానం దగ్గర. ఉదాహరణ పోయింది గాని వాదన పోలేదు. ఇంకాస్త పొడుగు వరస పెట్టి బ్రౌవర్ మళ్ళీ అదే అడగగలడు. ఎంత వెతికినా ‘ఉంది’ అని చెప్పగలం గాని, ‘లేదు’ అని వెతుకులాట ఏనాటికీ చెప్పదు.

మరి నిరూపణతో ఎంతదూరం వచ్చాం? 20,000 వ్యాసానికి 62,832 పరిధి అని చెప్పిన ఆర్యభటుడు అది ఆసన్నమేనని తానే అన్నాడు. ఆయనకు భాష్యం రాసిన కేరళ పండితుడు నీలకంఠ సోమయాజి, వ్యాసం శేషం లేకుండా తెగే కొలతతో పరిధిని కొలిస్తే శేషం మిగలక తప్పదన్నాడు. నిరూపణ 1761లో గణితవేత్త లాంబర్ట్ నుంచి వచ్చింది: పై కరణీయ సంఖ్య. దాని దశాంశాలు ఎక్కడా ఒకే వరసలో తిరగడం మొదలుపెట్టవు. ఒకచోట దాటాక ఒకే అంకె మిగిలినా అది తిరగడమే అవుతుంది గనుక, కనీసం రెండంకెలైనా అంతులేకుండా వస్తూ ఉండాలి. లక్షల కోట్ల స్థానాలు కంప్యూటర్లు కట్టాయి, అయినా ఆ రెండూ ఏవో నిరూపించి చెప్పినవాళ్ళు ఈ రోజుకీ లేరు.